వెనక్కి అరిగిన చక్రం

విజయవాడ వెళ్లొచ్చానని చెప్పగానే మా అనంతపురంలో అందరూ అడిగింది ఒకటే, అమ్మవారి దర్శనం బాగా జరిగిందా అని. జరగలేదు. ఆటోలోంచే కొండకి దండం పెట్టుకున్నాను, అంతే. నేను వెళ్లింది ఒక సినిమా చూపించడానికి. అదీ థియేటర్లో కాదు, పామర్రు దగ్గర ఒక ఇంట్లో, ముగ్గురికి. ఈ మాట చెబితే మా వాళ్లు నా వయసు గుర్తు తెచ్చుకుని జాలిగా చూస్తున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పాను. రిటైరయ్యాక పాత మూగ సినిమాల మీద పడ్డాను, అందులోనూ తాగుడు మానమని బోధించే వాటి మీద. అలాంటివి నాలుగు చూస్తే నలభై చూసినట్టే. తాగేవాడు ఎప్పుడూ కూలివాడే. భార్యకి ఏడవడం తప్ప వేరే పని ఉండదు. సారా కొట్టువాడికి బుర్ర మీసాలు. చివర్లో ఒక పెద్దమనిషి వచ్చి నీతి చెప్పి పోతాడు. ఆ కొట్టుకి వేలంపాట ఎవరు పాడారు, ఆ రాబడి ఎవరు తిన్నారు అన్నది మాత్రం ఏ సినిమాలోనూ కనపడదు. ఇదంతా ఒక పత్రికలో కాస్త వెటకారంగానే రాశాను. మా చిన్నాన్న తాగేవాడు. ఇంటికొచ్చిన ప్రతివాడూ ఆయనకు నీతి చెప్పేవాడు. ఆయన బుద్ధిగా తలూపి, సాయంత్రానికి వెళ్లి తాగొచ్చేవాడు. నీతుల మీద నాకు నమ్మకం పోయింది అక్కడే.

ఆ వ్యాసం పక్కింటివాళ్ల చేత చదివించుకుని ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. పేరు సరోజినమ్మ, ఎనభై ఆరేళ్లు. నేను వ్యాసంలో పేరు తెలియని సినిమా ఒకదాని గురించి రాశాను. పద్దెనిమిది నిమిషాలది. పేరున్న ముక్కా, మధ్యలో వచ్చే రాతలూ ఎప్పుడో చెడిపోయాయి. పాత రీళ్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని చేసే స్నేహితురాలు నాకు పంపింది. అందులో ఒక చిన్నపిల్ల లాంతరు పట్టుకుని, తండ్రిని పిలుచుకు రావడానికి సారా కొట్టుకి వెళుతుంది.

"ఆ పాప ఎనకాల కుంటికుక్క ఒకటి నడుస్తా ఉంటదాండీ?" అని అడిగింది సరోజినమ్మ.

ఉంది. కుక్క సంగతి నేను వ్యాసంలో రాయలేదు.

ఆవిడ తండ్రి కోటయ్యగారు ఆ సినిమా పక్కన నిలబడి కథ చెప్పినవారట. మూగ సినిమాకి మాట అలా బయటి నుంచే రావాలి. పట్నాల్లో మాటల సినిమాలు వచ్చిన చాలా ఏళ్ల తర్వాత కూడా, ఆయన ఈ ఒక్క రీలూ పట్టుకుని, పడవ మీద కాలువల వెంట ఊరూరా తిరిగారట. చెప్పాల్సినదంతా చెప్పి, చివరికి ఆవిడ అసలు సంగతికి వచ్చింది. "ఆఖర్న ఆ పాప లేచి కూర్చుంటది గదండీ, అది మా అబ్బాయికి చూపించాలమ్మా. తాగుడు మానేసి పదిరోజులైంది. ఈసారన్నా నిలబడాల. పట్టుకొస్తారా?"

ఆ సినిమాలో పాప లేవదు. జ్వరం తగిలి చచ్చిపోతుంది. ఎనభై ఏళ్ల నాటి సంగతి, ఆవిడ మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. వస్తానని మాత్రం చెప్పాను.

విజయవాడ

పొద్దున్నే బస్సు దిగి ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు డెబ్బై రూపాయలు. హోటలు పెద్దాయన అడక్కుండానే మీద నెయ్యి పోసి, కారప్పొడి చల్లి తెచ్చాడు. మా వైపు ఉగ్గాని, బజ్జీ ఆ డబ్బుకి ఇద్దరు తింటారు. నెయ్యి వద్దన్నానని ఆ పెద్దాయన నిజంగా బాధపడ్డాడు. "ఒంట్లో బాగోలేదాండీ?" అని అడిగాడు. బాగుందని రుజువు చేయడానికి ఇంకో రెండు నేతి ఇడ్లీలు తినాల్సి వచ్చింది.

ఇక్కడివాళ్లు కోపంలో కూడా అండీ అంటారు. నా ఆటో అతను అడ్డొచ్చిన స్కూటరు మనిషిని "కళ్లు కనపడట్లేదాండీ?" అన్నాడు. ఆ మనిషి "మీకు బ్రేకులు లేవాండీ?" అన్నాడు. మా ఊళ్లో అయితే ఈపాటికి ఇద్దరి తాతలూ రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. ఊరి మధ్యనుంచి కాలువలు నిండుగా పోతున్నాయి, వంతెన మీద ఒక్కడూ ఆగి చూడడు. ట్యాంకరు వస్తే పండగ చేసుకునే జిల్లా నుంచి వచ్చినదాన్ని, నేను మాత్రం ఆగి చూశాను.

మైలవరం

పామర్రు ఒక దిక్కయితే మైలవరం ఇంకో దిక్కు. అయినా వెళ్లాను. కోటయ్యగారు పోయాక ఆయన సినిమా యంత్రాన్ని అక్కడి రేడియో మెకానిక్కు ఒకాయన కొనుక్కున్నాడని సరోజినమ్మ చెప్పింది. చరిత్ర చెప్పినదానికి అలాంటి మాట వింటే కాలు నిలుస్తుందా?

బస్సులో కునుకు పట్టింది. "అమ్మగారూ, మైలవరం దాటిపోయిందండి" అని కండక్టరు నన్ను లేపి, తనే తప్పు చేసినట్టు నొచ్చుకున్నాడు. మామిడితోటల మధ్య దిగి, షేర్ ఆటో కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆ నిద్రకి మా వైపు కండక్టరు అయితే నా వంశాన్ని కూడా లేపేవాడు.

మెకానిక్కుగారి కొడుకు రమణ ఇప్పుడు అదే కొట్లో మిక్సీలు బాగుచేస్తున్నాడు. యంత్రాన్ని అమ్మకుండా పాత చీరలో చుట్టి అటక మీద దాచాడు. కిందికి దించి తుడిచాడు. ఇనుప డబ్బా, ముందు అద్దం, పక్కన చేత్తో తిప్పే హేండిలు. కరెంటు లేని ఊళ్లలో చేత్తో తిప్పుతూనే సినిమా వేసేవాళ్లు. రమణ మూత తీసి లోపలి పళ్లచక్రం చూపించాడు.

"ఒక విచిత్రం చూడండి మేడం. ముందుకే తిప్పితే పళ్లు ఒక పక్కే అరగాలండి. ఇయ్యి రెండో పక్క కూడా అరిగినాయి. అంటే ఎనక్కి కూడా బాగా తిప్పారు. ఎందుకు తిప్పారో మా నాన్నకీ తెలవలేదు."

రీలు మళ్లీ చుట్టుకోవడానికేమో అన్నాను. దానికి వేరే సాధనం ఉంటుందట, ఈ పెట్టెతో పని లేదట. నేను నోటుబుక్కులో "తిప్పినవాడు అజాగ్రత్త మనిషి" అని రాసుకున్నాను. తెలియని చోటల్లా ఎవరో ఒకరిని తప్పుపట్టడం మా వృత్తిలో ఉన్నదే.

వచ్చేటప్పుడు రమణ హేండిలు ఊడదీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. వంచిన ఇనుప కడ్డీ, దానికి చెక్క పిడి. పెట్టె మోయలేరు గానీ, ఇదన్నా పెద్దావిడకి ఇవ్వండి అన్నాడు. నేను వెంట తెచ్చుకున్న చిన్న ప్రొజెక్టరు తీగ పొట్టిగా ఉందని చూసి ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు, బదులుగా రెండు మామిడికాయలు సంచిలో వేశాడు.

హనుమాన్ జంక్షన్

మర్నాడు సరోజినమ్మ కొడుకు శ్రీను నన్ను హనుమాన్ జంక్షన్‌లో కలుసుకున్నాడు. యాభై దాటిన మనిషి, చేపల వ్యాను తోలతాడు. చెరువుల దగ్గర చేపలెక్కించి, మీద ఐసు కొట్టి, తెల్లారేసరికి మార్కెట్లకి చేరుస్తాడు. వ్యాను కడిగి, సీటు మీద తువ్వాలు పరిచి, నాకోసం ఊదొత్తి కూడా వెలిగించాడు. చేపల వాసనా ఊదొత్తి వాసనా కలిస్తే ఎలా ఉంటుందో నేను వర్ణించను, అతని మర్యాదకి అది అన్యాయం.

టీ తాగాం. అతను తనకి సగం గ్లాసే పొయ్యమన్నాడు. పొదుపరి అనుకున్నాను. గ్లాసు ఎత్తినప్పుడు అర్థమైంది, చెయ్యి వణుకుతోంది. నిండు గ్లాసయితే ఒలికిపోతుంది.

"ఇరవయ్యో రోజండి" అన్నాడు, నేను చూశానని తెలిసి. గవర్నమెంటు ఆసుపత్రిలో మాత్రలిచ్చారట. వణుకు తగ్గుతుందన్నారట. దారిలో మిగతాది అతనే చెప్పాడు. ఇంతకుముందు రెండుసార్లు మానేశాడు, రెండుసార్లూ నెల తిరక్కుండానే మొదలెట్టాడు. నాలుగు నెలల క్రితం భార్య లక్ష్మి కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. కూతురు ఇంటరు చదువుతోంది. వైన్ షాపు దగ్గరికి సెల్లు లైటు వేసుకుని వచ్చి, లోపలికి రాకుండా రోడ్డవతల నిలబడేదట. పిలిచేది కాదట. ఇప్పుడు ఫోన్ చేస్తే తియ్యదు.

లాంతరు పట్టుకున్న నా సినిమా పిల్ల కళ్లముందుకొచ్చింది. వందేళ్లలో మారింది లాంతరు ఒక్కటే.

లక్ష్మి ఇవాళ వస్తోందన్నాడు. అత్తగారు అడిగిందని, సినిమా చూడ్డానికి. అయిదు గంటల బస్సుకి మళ్లీ వెళ్లిపోతుంది. రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "ఆ సినిమాలో పాప లేస్తదంట గదండీ. అమ్మ నా చిన్నప్పటినుంచీ చెప్తానే ఉంది. నిజంగా లేస్తదా?"

నేను చూసి చాన్నాళ్లయింది, సరిగ్గా గుర్తులేదు అన్నాను. ముందురోజే చూశాను. అంత పచ్చి అబద్ధం ఈమధ్య ఆడలేదు. గుడివాడ వచ్చేదాకా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను. ఆఖరి మూడు నిమిషాలు చూపించకుండా ఆపేద్దామని, గుడివాడ దాటేలోపు నిర్ణయించుకున్నాను.

పామర్రు పక్క ఊరు

సరోజినమ్మ గడపలోనే నిలబడి ఉంది. పిట్టంత మనిషి. గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. కోటయ్యగారి గొంతు ఎక్కడికి పోయిందో వెతకనక్కర్లేదు.

హేండిలు చేతికిచ్చాను. కాగితం విప్పింది. పిడిని చీర కొంగుతో తుడిచింది, బుగ్గకి ఆనించుకుంది. దాన్ని మళ్లీ కింద పెట్టలేదు, ఎడంచేత్తో పట్టుకునే మాకు వడ్డించింది. కొరమీను పులుసు, గోంగూర, గట్టి పెరుగు. మాకు చేప దొరికేది ఆదివారాల్లో, అదీ ఐసులో పడుకుని వచ్చినది. ఇది పొద్దున చెరువులో ఈదినది. మొహమాటం లేకుండా మూడోసారి పెట్టించుకున్నాను.

లక్ష్మి అప్పటికే పన్నెండు గంటల బస్సుకి వచ్చి ఉంది. చేతిలో చిన్న సంచి. ఉండటానికి రాలేదని ఆ సంచి చూస్తేనే తెలుస్తుంది. మొగుడితో నేరుగా మాట్లాడలేదు. "ఆయనకి పెరుగు కావాలేమో అడగండి మేడం గారూ" అంది. నేను అడిగాను. "చాలని చెప్పండి" అన్నాడు. ఇద్దరూ నాకు రెండడుగుల దూరంలో ఉన్నారు. అయినా పెరుగు గిన్నె ఆమె అతని వైపే జరిపింది, అతను వేసుకున్నాడు.

పట్టా కప్పిన గదిలో

సాయంత్రం నాలుగింటికి చేపల మీద కప్పే నల్ల పట్టాలు తెచ్చి శ్రీను కిటికీలు మూశాడు. గోడకి తెల్ల పంచె కట్టాం. శ్రీను గుమ్మం దగ్గర నేలమీద, లక్ష్మి పాత చెక్క మంచం మీద. సరోజినమ్మ కుర్చీ వద్దంది. పంచె పక్కన నిలబడింది.

బొమ్మ మొదలైంది. ఒకతను, భార్య, కూతురు కూర్చుని అన్నం తింటున్నారు. కుక్క గుమ్మంలో ఉంది. సరోజినమ్మ గొంతు ఎత్తింది.

"చూడండయ్యా, మంచోడు. మనలాంటోడే. చేతిలో పని ఉంది, ఇంట్లో కూడు ఉంది. ఈడికేం లోటని అడుగుతున్నారా? లోటు లేదు. అలుపుంది."

నేను చూసిన సినిమాలన్నిటిలో ఆ ఒక్క మాట లేదు. అలుపు. నలభైసార్లు చూసి నేను కనుక్కోనిది. ఆవిడ చెబుతుంటే ఆ మనిషి మీద కోపం రాలేదు. కల్లుగీసేవాళ్లు ఉండే ఊళ్లలో కోటయ్యగారు కల్లు పేరెత్తేవారు కాదని ఆవిడ ముందే చెప్పింది. గీతగాడు కూడా వచ్చి కూర్చునేవాడు గదా, అతని పిల్లలూ తినాలి గదా అనేవారట. తిట్టు లేదు, శాపం లేదు. కొట్టువాడి బుర్ర మీసాలు కనపడినప్పుడు కూడా "ఈయన పాట పాడుకున్నాడు, పైవాళ్లకి కట్టుకోవాల, ఈయన తిప్పలు ఈయనవి" అంది. నేను పత్రికలో వెటకారంగా రాసిన ప్రశ్న, ఆ పెద్దాయన ఊరూరా మర్యాదగా అడిగాడన్నమాట.

పిల్ల లాంతరు పట్టుకుని బయల్దేరింది. కుంటికుక్క వెనకాల నడిచింది. వాన మొదలైంది. పిల్ల కొట్టు బయట, లోపలికి వెళ్లకుండా, తడుస్తూ నిలబడింది. గుమ్మం దగ్గర శ్రీను తల వంచుకున్నాడు. లక్ష్మి అతన్ని చూసింది, పంచెను చూడలేదు. పిల్లకి జ్వరం. మంచం మీద వెనక్కి వాలింది. కళ్లు మూసుకుంటోంది.

నేను ఆపేశాను.

"ఆపకూడదమ్మా, కాలిపోద్ది!" అని ఉలిక్కిపడింది సరోజినమ్మ. పాత అలవాటు. ఆ రోజుల్లో రీలు ఆగితే దీపం వేడికి బొమ్మ తగలబడేది. "ముందుకన్నా తిప్పాల, ఎనక్కన్నా తిప్పాల. నిలబెట్టటానికి లేదు."

ఇక దాచలేకపోయాను. ఇందులో పాప లేవదమ్మా, చచ్చిపోతుంది, మీకు చెప్పడానికి నోరు రాలేదు అన్నాను. శ్రీను తలెత్తి నా వైపు చూశాడు. దారిలో ఆడిన అబద్ధం అతనికి అర్థమైంది. నాకు సిగ్గేసింది.

సరోజినమ్మ నవ్వింది. "ఎందుకు లేస్తదమ్మా? తీసినోళ్లు చంపేశారుగా. లేపింది మా నాన్న."

అప్పుడు చెప్పింది. సరిగ్గా ఇక్కడికి రాగానే కోటయ్యగారు జనంలోకి చూసి, ఆ ఊళ్లో బాగా తాగే మనిషిని పేరుపెట్టి పిలిచేవారట. తిట్టడానికి కాదు. "రా బాబూ, చెయ్యి సాయం పట్టు" అని. హేండిలు అతని చేతికిచ్చి, వెనక్కి తిప్పమనేవారు. వెనక్కి తిప్పితే పంచె మీద పిల్ల కళ్లు తెరిచేది, లేచి కూర్చునేది. తాగే మనిషి చెయ్యి వణికేది. చెయ్యి వణికితే పిల్ల కూడా వణుకుతూ లేచేది. జనం చూసేవారట, పిల్లనీ, ఆ చేతినీ. ఒట్టు పెట్టించుకోవడాలేమీ లేవు. తిప్పి వెళ్లి కూర్చునేవాడు.

మైలవరంలో చూసిన చక్రం గుర్తొచ్చింది. రెండు పక్కలా అరిగిన పళ్లు. ఎన్ని ఊళ్లు, ఎన్ని చేతులు! సంచిలోంచి నోటుబుక్కు తీసి "అజాగ్రత్త మనిషి" అన్న మాట కొట్టేశాను. అయినా పాత బుద్ధి పోక అడిగాను, తిప్పినవాళ్లందరూ మానేశారా అని.

"అందరూ ఎందుకు మానేస్తారండీ? ఈడి నాన్న రెండుసార్లు తిప్పాడు. రెండోసారి తిప్పినాక నన్ను చేసుకున్నాడు. మళ్లీ తాగాడు. మళ్లీ మానాడు. పోయేనాటికి మానేసే ఉన్నాడు." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "రా బాబూ, చెయ్యి సాయం పట్టు."

శ్రీను లేచి వచ్చాడు. హేండిలు అందుకున్నాడు గానీ దాన్ని దేనికి బిగించాలి? నా దగ్గర ఉన్నది లాప్‌టాప్. గాలిలో పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాడు. లక్ష్మి మంచం మీదనుంచి లేచింది. దోమతెర కర్రలు పెట్టే చిల్లు మంచం పట్టెకి ఉంది. దాన్ని వేలితో చూపించి, నాలుగు నెలల్లో మొదటిసారి నేరుగా అతనితో మాట్లాడింది.

"ఇందులో పెట్టండి."

పెట్టాడు. సరిపోయింది. అతను తిప్పుతుంటే అతని చేతినే చూస్తూ నేను వెనక్కి వెళ్లే మీట నొక్కడం మొదలుపెట్టాను. అతని చెయ్యి ఆగితే నా వేలు ఆగేది, వణికితే వణికేది. పంచె మీద పిల్ల రెప్పలు కదిలాయి. తల కొంచెం లేచి, ఆగి, మళ్లీ లేచింది. కూర్చుంది. నాకు కళ్లు మసకలయ్యాయి, మీట కనపడలేదు. కథ తెలిసినదాన్ని, కిటుకు తెలిసినదాన్ని, అయినా ఏడ్చాను.

"చాలు బాబూ, లేచింది" అంది సరోజినమ్మ. వాళ్ల నాన్న అక్కడితో ఆపేవారట, దీపం ఆర్పేసి.

శ్రీను ఆపలేదు. తిప్పుతూనే ఉన్నాడు. పిల్ల వానలోకి వెనక్కి నడిచింది. కుంటికుక్క వెనక్కి కుంటితే లక్ష్మికి నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. కొట్టులో ఆ పిల్ల తండ్రి నోట్లోంచి సారా గ్లాసులోకి, గ్లాసులోంచి సీసాలోకి వెళ్లిపోయింది. తాగుడు కోసం ఆ తండ్రి అమ్మేసిన బిందె తిరిగి ఇంటికొచ్చింది. నా వేలు లాగేస్తోంది, చెప్పలేదు. అతని చొక్కా వీపంతా తడిసింది. చెయ్యి మారుస్తాడేమో అనుకున్నాను, మార్చలేదు. వణుకూ తగ్గలేదు, అట్లాగే వణుకుతూనే తిప్పాడు. తిప్పీ తిప్పీ మొట్టమొదటి బొమ్మ దగ్గరికి వచ్చేశాడు. ముగ్గురూ కూర్చుని అన్నం తింటున్నారు. కుక్క గుమ్మంలో ఉంది. అంతకు వెనక ఇంకేమీ లేదు.

లక్ష్మి పంచెకేసి చూస్తూ నన్ను అడిగింది. "మేడం గారూ, మీ దాంట్లో ఆపితే కాలదు గదండీ?"

"కాలదమ్మా."

"అయితే అట్టా ఉండనివ్వండి కాసేపు."

ఉండనిచ్చాను. అయిదు గంటల బస్సు రోడ్డు మీద హారన్ కొట్టి, కొంచెంసేపు ఆగి, వెళ్లిపోయింది. గదిలో ఎవరూ లేవలేదు.